నిబ్బరపు పెద్దమనిషి

లోకము తలక్రిందులైనను తాను మాత్రము నిశ్చలుడనని నలుగురిలో చాటుకొనుటయే వృత్తిగా గల పెద్దమనిషి యొకడు మన ప్రతి పట్టణమునందును కాపురముండును. సామాన్యుడు భయపడినచో కేకలు వేయును, పరుగులు తీయును. ఈయన యట్లుగాక, ఉత్తరీయము సవరించుకొని, గొంతు కొంచెము తగ్గించి, “ఆందోళన పడవలసిన పని ఏమియు లేదండీ” అనును. ఎవ్వరును ఆందోళన పడని వేళ ఈ మాట వెలువడుటయే ఆయన భయమునకు ప్రథమ లక్షణము.

తరములు మారినను మూర్తి యొక్కటే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడల మీద జపాను బాంబులు పడినపుడు, సర్కారువారి రక్షణయందు తనకు సంపూర్ణ విశ్వాసము కలదని వీధియరుగు మీద ఉపన్యసించుచునే, మరదలి సీమంతమను మిషతో భార్యాబిడ్డలనే గాక పాడిగేదెను సైతము అత్తవారి పల్లెకు పంపినవాడు ఈయనయే. 1984 ఆగస్టు 16న రామారావు ప్రభుత్వము బర్తరఫు కాగానే, గోడమీది ముఖ్యమంత్రి పటమును సున్నము వేయించు నెపమున దించి, మేకును మాత్రము ఉంచెను. సరిగా నెల దినములకు రామారావు మరల గద్దె నెక్కగా, నాటికి సున్నము ఆరినదని పటమును యథాస్థానమున తగిలించెను.

ధనవిషయమున ఆయన నిబ్బరము మరింత సూక్ష్మము. డిపాజిట్లకు బీమా ఒక్కొక బ్యాంకులో 5 లక్షల రూపాయలవరకేనని 2020లో తెలిసినది మొదలు, అసలును వడ్డీయును కలిసి ఆ గీత దాటకుండునట్లు సొమ్మును నాలుగు బ్యాంకులకు పంచి, “అందరినీ సమానముగా ప్రోత్సహించవలెను గదా” అనును. ఏదేని బ్యాంకు మీద వదంతి పుట్టిననాడు, తెల్లవారకమునుపే దాని గుమ్మమువద్ద పాసుపుస్తకములో పద్దు వేయించుకొనుటకై నిలుచుండును. ముందువారును వెనుకవారును పద్దులకే వచ్చినవారు. ప్రజల సొమ్ములో అధికభాగము అప్పుల రూపమున వెలుపల తిరుగుచుండును గనుక, అందరు నొకేనాడు అడిగినచో ఎంత దృఢమైన బ్యాంకైనను నిలువజాలదని వారికి ఆర్థికశాస్త్రము బోధించును. బోధించుచునే రెండడుగులు ముందునకు జరుగును.

ఇరుగుపొరుగువారు కాలక్రమమున ఆయన ధైర్యవచనములకు అర్థము చెప్పుకొన నేర్చిరి. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దైన కొలది దినములకే ఉప్పు దొరకదను వదంతి వ్యాపింపగా, “మూడువైపుల సముద్రమున్న దేశమున ఉప్పునకు కొరతయా!” అని ఉదయము ఆయన పరిహసించెను, మధ్యాహ్నమునకు వీధిలోని కిరాణాకొట్టులో ఉప్పు గల్లయైనను మిగులలేదు. జనమునకు బొత్తిగా నిబ్బరము లేకపోయెనని సాయంకాలము ఆయన మిక్కిలి నొచ్చుకొనెను. ఆయన యింటి అటకమీద రెండు బస్తాలున్న మాట నిజమే కాని, అవి రానున్న వేసవి ఆవకాయకట.