లేని దాహానికి గంటకి 255 లీటర్లు

డబ్బా మీద అంకె పెద్దగా ఉంటే చాలు, లోపల ఏముందో అడక్కుండా జేబులో చెయ్యి పెట్టేవాళ్లు కార్ల లోకంలో కొల్లలు. స్పీకర్లకి వాట్లు, చక్రాలకి అంగుళాలు, ఇప్పుడు ఫ్యూయల్ పంపుకి ఎల్‌పీహెచ్. అంటే గంటకి ఎన్ని లీటర్లు తోడుతుందని లెక్క. ఈ వర్గంలో 255 అనే అంకెకి ఉన్న పలుకుబడి కొందరు ఎమ్మెల్యేలకి కూడా ఉండదు.

మన కథానాయకుడు హైదరాబాదీ. ఉద్యోగం సాఫ్ట్‌వేరు, ప్రాణం కారు. అది 2001 నాటి హోండా సిటీ 1.5 వీటెక్. 106 హార్స్‌పవర్, టర్బో లేదు, గాలిని తనంతట తానే పీల్చుకునే ఇంజను. దానికి ఎయిర్ ఫిల్టరు మార్చాడు, ఎగ్జాస్టు మార్చాడు. శబ్దం పెరిగింది. వేగం పెరిగిందని అతనొక్కడే అంటున్నాడు. ఈమధ్య ఆరువేల ఆర్‌పీఎం దాటితే బండి గొంతు పట్టుకుపోయినట్టు దగ్గుతోంది. ఇంజనుకి పెట్రోలు చాలడం లేదని తీర్మానించి, వాల్‌బ్రో 255 పంపు మీద మనసు పారేసుకున్నాడు. "రేపు టర్బో పెట్టించినా పనికొస్తుంది" అన్నది అదనపు సమర్థన. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు టర్బోలింగం.

రాణిగంజ్‌లో ధర కనుక్కుని, దారిలో మెకానిక్ షెడ్డు దగ్గర ఆగాడు.

"పంపు పెద్దదేస్తే పవర్ పెరుగుతదని ఎవలు జెప్పిన్రు తమ్మీ?"

"అందరూ అంటున్నారన్నా."

"ఇంజన్ అన్నదా?"

అసలు కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పెళ్లిపందిట్లో సాంబారు బకెట్ ఎంత పెద్దదైనా విస్తట్లో పడేది గరిటెడే. ఇంజనులో ఆ గరిటె పేరు ఇంజెక్టరు. అది ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పేది ఈసీయూ. ఈసీయూ చూసేది లోపలికొచ్చిన గాలిని. మామూలు పెట్రోలైతే ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ ఒకటిన్నర లీటరు ఇంజను 6800 ఆర్‌పీఎం దగ్గర ఎంత గింజుకున్నా నిమిషానికి పీల్చేది సుమారు అయిదువేల లీటర్ల గాలి. గాలి అక్కడ ఆగిపోయాక పంపు ఎన్ని లీటర్లు తెచ్చి గుమ్మంలో పోసినా తాగే నోరు లేదు.

లెక్క పెద్ద కష్టం కాదు. టర్బో లేని ఇంజను పూర్తి జోరు మీద ఉన్నప్పుడు ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 225 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 106కి దగ్గరదగ్గర 24 కిలోలు, అంటే 32 లీటర్లు. పంపు ముసలిదవుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది కాబట్టి ఇంకో ఇరవై శాతం కలుపుకున్నా నలభైకి లోపే.

కుర్రాడి ముఖం వాడింది. "మరి దగ్గెందుకన్నా?"

మెకానిక్ మాట్లాడలేదు. పక్కన సిగరెట్ ముట్టించబోతున్న పెద్దమనిషిని షెడ్డు బయటికి సాగనంపాడు. ఇంజను ఆపి, పంపు రిలే తీసి, ఆ చోట చిన్న వైరు గుచ్చాడు. పెట్రోలు టాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ పైపు ఊడదీసి, కొలతగీతలున్న డబ్బాలో పెట్టి, ముప్పై సెకన్లు నడిపాడు. పావు లీటరు పడింది. గంటకి 30 లీటర్లన్నమాట. అడిగేది 32, అందేది 30, దగ్గక ఏం చేస్తుంది? పంపుదే తప్పని కుర్రాడు చంకలు గుద్దుకునేలోపే ఫ్యూయల్ ఫిల్టరు ఊడొచ్చింది. దాన్ని తలకిందులు చేసి కొడితే కాఫీ డికాక్షన్ రంగులో మడ్డి కారింది. కొత్త ఫిల్టరు బిగించి మళ్లీ కొలిస్తే ముప్పై సెకన్లకి ముప్పావు లీటరు. కంపెనీ బిగించిన పాత పంపే గంటకి 90 లీటర్లు తోడుతోంది.

255 పెట్టి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పుకోవాలి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఈ ఇంజను తాగేది గంటకి ఒక లీటరు. మిగతా 254 లీటర్లూ రిటర్న్ పైపులోంచి టాంకుకి వెనక్కి రావాలి. 45 లీటర్ల టాంకనుకుంటే, పెట్రోలంతా పదకొండు నిమిషాలకోసారి ప్రదక్షిణం పూర్తిచేసి, ఇంజను వేడి కాస్త మోసుకుని వస్తుంది. మేనెల ఎండకి ఇది తోడు. అంత ప్రవాహాన్ని, పెట్రోలు ప్రెజర్‌ని అదుపులో ఉంచే పాత రెగ్యులేటరు వదిలించుకోలేకపోతే ప్రెజర్ పెరిగి, ప్లగ్గులు మసిబారి, సైలెన్సరు నల్లపొగ కక్కుతుంది. పైగా పెద్ద పంపుకి కరెంటూ ఎక్కువే కావాలి. ఇరవై ఏళ్ల నాటి సన్న వైర్లలో వోల్టేజి పడిపోతే డబ్బా మీది 255 డబ్బా మీదే ఉండిపోతుంది.

కుర్రాడు ఊరుకోలేదు. "రేసుకార్లకి మరి?" అన్నాడు. అదీ చూద్దాం. టర్బో లేకుండా రెండు లీటర్ల ఇంజనుతోనే 240 హార్స్‌పవర్ తీసిన హోండా ఎస్2000కి ఇదే లెక్కన గంటకి దాదాపు 75 లీటర్లు చాలు. నాలుగు లీటర్ల ఇంజనుతో 9000 ఆర్‌పీఎం దాకా అరిచే 510 హార్స్‌పవర్ పోర్షే 911 జీటీ3కి కూడా 155 దగ్గర దాహం తీరుతుంది. జీటీ3కే మిగిలిపోయే పంపుని సిటీకి బిగించాలని మనవాడి ఉబలాటం.

చివరి అస్త్రం ఇ-20 పెట్రోలు. 2023 నుంచి మన బంకుల్లోకి వచ్చిన ఈ ఇరవై శాతం ఇథనాల్ మిశ్రమంలో శక్తి తక్కువ, కాబట్టి ఎక్కువ పోయాలి. నిజమే. ఎంత ఎక్కువ? ఏడు శాతం దరిదాపుల్లో. 32 కాస్తా 34 అవుతుంది. పాత కారుకి ఇ-20తో అసలు జాగ్రత్త లీటర్ల గురించి కాదు, దానికోసం తయారుకాని రబ్బరు పైపులు, సీళ్ల గురించి.

పెద్ద పంపు అక్కర్లేదని కాదు. టర్బో నిజంగా బిగించాక, ఇథనాలే ప్రధానంగా తాగించే ఇంజను కట్టాక, అది తప్పదు. టర్బో లేని ఇంజనుకి మాత్రం వరస ఇది: ముందు ఫిల్టరు మార్చండి, తర్వాత ప్రెజర్ గేజి పెట్టి చూడండి, ఆపైన ముప్పై సెకన్ల ప్రవాహం కొలిపించండి. పెట్రోలుతో పని కాబట్టి కొలిచే పని మెకానిక్‌కే వదలండి. ఇవన్నీ అయ్యాక కూడా లెక్క తక్కువొస్తే, అవసరానికి ఇరవై శాతం కలిపి ఆ సైజు పంపు కొనండి, నకిలీలు ఎక్కువ కాబట్టి బిల్లు అడిగి కొనండి.