డిపాజిట్టు రసీదు ఆత్మకథ

నన్ను జూచినవారు ఒట్టి కాగితపు ముక్కయని తలంతురు గాని, ఒక జిల్లాలోని గ్రంథపాలకుల సంఘమునకు గల సర్వస్వము, అనగా 8 లక్షల రూపాయల మూలధనము, నాపై నచ్చొత్తిన రెండు పంక్తులలో నిమిడియున్నది. ఇనుప బీరువాలో, కలరా ఉండల వాసనలో, తీర్మానముల పుస్తకమునకును రసీదుబుక్కుల కట్టకును నడుమ నా నివాసము.

శాశ్వత సభ్యులు ఒక్కమారుగా చెల్లించిన రుసుములు కూడి నేనైతిని. నా బ్రతుకులోని చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఆ రుసుము పద్దులలో జమవైపున గానవచ్చినను, నా దృష్టిలో నది తీరని బాకీ. ఏలయన, ఏనాడో అయిదువందలు చెల్లించిన సభ్యునకు ఆయువున్నంతకాలము పత్రిక పంపవలయును, సభలకు పిలువవలయును, ఆ వ్యయమంతయు నా వడ్డీనుండియే రావలయును. 1990వ దశకమున నూటికి పది దాటిన వడ్డీ పలికిన దినములలో ఆ అయిదువందలు ఏటేట ఏబది రూపాయలకు దక్కువగాక తెచ్చినవి. 2020 నాటికి వడ్డీ అయిదింటి చేరువకు దిగజారగా అందు సగమే మిగిలెను. తపాలా ఖర్చు మాత్రము దిగుట యెరుగదు. అసలుకంటె వడ్డీ ముద్దందురు. ముద్దుచేయుటకైనను వడ్డీ కొంత యుండవలదా?

ప్రతి సర్వసభ్య సమావేశమునను ఎవరో యొక పెద్దమనిషి లేచి, “అంత సొమ్ము బ్యాంకులో మూలుగుచుండగా చందా పెంచుట యెందులకండీ? భవనము కట్టింపరాదా?” యని యడుగును. కోశాధికారి కళ్లద్దములు నుదుటిపైకి నెట్టి, “కట్టింతమండీ, పిమ్మట ఇంటిపన్ను, కరెంటు బిల్లు ఎవరు కట్టుదురు?” అనును. పెద్దమనిషి మాటయందును న్యాయము లేకపోలేదు: 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము సయితము పన్ను మినహాయింపు గోరు ధర్మసంస్థలు ఏటి రాబడిలో నూటికి 85 వంతులు ఆశయములకై వెచ్చింపవలెననియే విధించినది. అయినను, చందాలు సరిగా రాని యేట గుమాస్తా జీతమునకును ఆఫీసు అద్దెకును తడుముకొనకుండ, ఒక సంవత్సరపు ఖర్చుకు సరిపడు సొమ్మైనను చేతనుండవలెనని నా యభిప్రాయము.

ఇక బ్యాంకు మునిగినచో డిపాజిట్టు బీమా సంస్థవారి పూచీ, అసలును వడ్డీయు గలిపి, ఒక్కొక్క బ్యాంకున 5 లక్షలకే పరిమితము. 2020 ఫిబ్రవరి 4కు ముందు లక్షయే. ఈ సంగతి కోశాధికారి వివరింపగా, గడువు తీరినంతనే నన్ను రద్దుపరచి, రెండు బ్యాంకులలో చెరి నాలుగు లక్షలు వేయుటకు కార్యవర్గము తీర్మానించెను. నా వీపున రెవిన్యూ స్టాంపు అంటించి, దానిమీదుగా అధ్యక్షుడును కోశాధికారియు సంతకములు చేసిరి. తీరా క్రొత్త బ్యాంకులో ఖాతా తెరువబోగా, తీర్మానపు నకలుపై సంఘముద్ర లేదని వారు త్రిప్పి పంపిరి. నేనింకను కోశాధికారి చేతిసంచిలోనే యున్నాను.