కినబాలు బాబాయి

కొండ ఎక్కినవాడికన్నా ఎక్కబోయేవాడికే ఆ కొండ గురించి ఎక్కువ తెలుసు. చుట్టాల్లో ఇలాంటి బాబాయి ఒక్కడైనా తగలకపోడు. బోర్నియో దీవిలో, మలేషియా వారి సబా రాష్ట్రంలో ఉన్న కినబాలు ఎత్తు 4,095 మీటర్లని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల దూరమే అయినా తెల్లవారుజామున శిఖరం మీద చలి కొరికేస్తుందని, మే నెల బెజవాడ ఎండలో బేరమాడి మరీ మంకీ క్యాప్ కొంటాడు. అది ఏళ్ల తరబడి బీరువాలో కలరా ఉండల మధ్య శిక్షణ పొందుతూ ఉంటుంది. ఆయన శిక్షణ ఎప్పుడో పూర్తయింది. అలిపిరి మెట్లు 3,550 ఎక్కాడు కదా, ఏ కాలంలో ఎక్కితేనేం?

ఫిర్యాదు ఆయన ప్లాను వేస్తాడని కాదు. ప్లాను లేకుండా పోయినవాడు టింపోహోన్ గేటు దగ్గరే వెనక్కి తిరగాలి. పర్మిట్ కావాలి, గైడు తప్పనిసరి, సుమారు 3,270 మీటర్ల ఎత్తున పనలబాన్‌లో రాత్రి పడకకు మంచం ముందే దొరకాలి. ఆ మంచాలు లెక్కగా ఉంటాయి, నెలల ముందే అయిపోతాయి. కాబట్టి ప్లాను వేసేవాణ్ణి వెక్కిరించకూడదంటే ఒప్పుకోవలసిందే. బాబాయితో చిక్కల్లా, చేతిలో ఉన్న పని వదిలేసి చేతిలో లేనిదానికి ముహూర్తం పెట్టడం. ఎక్సెల్ షీటులో రెండో రోజు సాయంత్రం 4:10 నుంచి 4:40 దాకా ఆకుపచ్చ గడిలో ‘రఫ్లేషియా’ అని ఉంటుంది. పోరింగ్ వేడినీటి బుగ్గల చుట్టుపక్కల పూసే ఆ పువ్వు మొగ్గగా నెలల తరబడి నాన్చుతుంది, విచ్చుకున్నాక వారానికల్లా కుళ్లిపోతుంది. పూసినప్పుడు ఊరివాళ్లు రోడ్డు పక్కన బోర్డు పెడతారు, అంతే. జనం రాత్రి రెండున్నరకే నుదుటికి లైటు కట్టుకుని శిఖరానికి బయల్దేరేది పొద్దెక్కితే మబ్బు కమ్మేస్తుందనే. మధ్యాహ్నం వానకు బాబాయి కేటాయించింది అరగంట. వానకు ఎక్సెల్ రాదు.

వెళ్లనివాడివి ఉత్త కబుర్లేగా అనేవాళ్ల నోరు ఆయన ఇట్టే మూయిస్తాడు. 1851లో హ్యూ లో అనే బ్రిటిష్ అధికారి ఈ కొండెక్కాడు, కొసకొమ్ము మాత్రం అందలేదు. 1888లో జాన్ వైట్‌హెడ్ అందుకున్నాడు. శిఖరానికి పేరు మాత్రం ‘లో’దే! చివరిదాకా వెళ్లనివాడికే కీర్తి దక్కిందని బాబాయి ముసిముసిగా నవ్వుతాడు. వాదన బాగానే ఉంది గానీ, ‘లో’ కనీసం కొండ దాకా వెళ్లాడు. అలాగని బాబాయిని కొట్టిపారేయనూ లేం. ఆయన షీటు పట్టుకునే మేనల్లుళ్లు వెళ్లొస్తారు. ఫోటోలు చూపిస్తుంటే, ఇది పొద్దుపొడుపు కాదురా, అప్పటికే ఆరున్నర దాటింది అని ఆయనే సరిదిద్దుతాడు, అదీ నిజమే అవుతుంది. ఇవన్నీ ఈ రాసేవాడికి ఇంత వివరంగా ఎలా తెలుసని మాత్రం అడక్కండి. షీటులో నూటపాతిక గడులు నిండాయి. ‘పనలబాన్ మంచం’ అన్నదాని ఎదురుగా మాత్రం ఇప్పటికీ ‘కనుక్కోవాలి’ అనే ఉంది.