ఆల్‌రౌండర్ విలువ: చేవెళ్ల ధర, మొయినాబాద్ ధర

క్రికెట్‌లో బ్యాటింగ్, బౌలింగ్ రెండూ చేయగల ఆటగాడిని ఆల్‌రౌండర్ అంటారు. ఆ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా రెండింటికీ కలిపి నిందలు మోయడం అతని మూడో విధి. గణాంకవేత్తలు అతడిని గుర్తుపట్టడానికి ఒక కొలత పెట్టారు: ఔటైన ఒక్కోసారికి చేసిన పరుగుల లెక్క, అనగా బ్యాటింగ్ సగటు, ఒక్కో వికెట్‌కు సమర్పించుకున్న పరుగుల లెక్క, అనగా బౌలింగ్ సగటు కన్నా ఎక్కువగా ఉండాలి. ఈ కొలతలో గ్యారీ సోబర్స్ 57.78, 34.03 అంకెలతో దర్జాగా నెగ్గగా, కపిల్ దేవ్ 31.05, 29.64 అంకెలతో ఒకటిన్నర పరుగు తేడాలో గట్టెక్కాడు. ఆ కపిల్‌ను సైతం, ప్రపంచకప్ గెలిపించిన ఏడాదిన్నరకే, ఢిల్లీ టెస్టులో బాధ్యత లేని షాట్ ఆడాడన్న కారణంతో 1984 చివర కలకత్తా టెస్టు నుంచి తప్పించారు గనుక, నిలకడ లేమి అనే నేరానికి మన దేశంలో శిక్షాస్మృతి పాతదేనని గ్రహించాలి.

ఈ నేరస్థుడి, అనగా ఆల్‌రౌండర్ విలువ కట్టడంలో రంగారెడ్డి జిల్లా రెండు మతాలను ప్రసాదించింది. చేవెళ్ల కూరగాయల నేల. అక్కడ తెల్లవారకముందే మార్కెట్‌కు చేరిన టమాటకు ఆ పూట పలికిందే ధర, నిన్నటి వైభవాన్ని చూసి పావలా ఎక్కువిచ్చే వర్తకుడు లేడు. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌ల నేల. జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996లో వెలువడిన జీఓ 111 మొత్తం 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించగా, అవి ఏనాటికైనా తొలగకపోవన్న ఆశకు కూడా అక్కడ ఎకరాల లెక్కన ధర కట్టడం అలవాటైంది. చేవెళ్ల మతస్థులు ఆటగాడిని ఇవాళ్టి దిగుబడితో తూచుతారు, మొయినాబాద్ మతస్థులు రేపటి ధరతో తూచుతారు. చేవెళ్ల మండలంలోనూ ఆ జీఓ కిందికి వచ్చే గ్రామాలున్నాయి గనుక ఈ విభజన కేవలం శాస్త్రసౌలభ్యం కోసమేనని గమనించాలి.

ఉభయ మతాలకూ ప్రస్తుత ప్రమాణగ్రంథం విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి అతడు చేసిన 114 పరుగులను, 99 వద్ద అతడు అవతలి ఎండ్‌లో ఊపిరి బిగబట్టి నిలబడగా సిరాజ్ మూడు బంతులు కాచుకున్న వైనాన్ని మొయినాబాద్ మతం పారాయణం చేస్తుంది. ఆ తరువాతి మూడు ఇన్నింగ్స్‌లో అతడు చేసినవి వరుసగా 1, 0, 4 అని చేవెళ్ల మతం అందుకుంటుంది. సిరీస్ మొత్తానికి 298 పరుగులు, సగటు 37.25 అని అటువారు చూపితే, 2025లో ఇంగ్లండ్‌లో నాలుగు ఇన్నింగ్స్‌కు 45 పరుగులని ఇటువారు చూపుతారు. లార్డ్స్‌లో తన మొదటి ఓవర్‌లోనే ఓపెనర్లిద్దరినీ ఔట్ చేశాడు కదా అని అటువారు మళ్లీ లేస్తారు. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరిన తరువాత 108 చేయడం ఆనవాయితీ కాగా, క్రికెట్ భక్తులు మ్యాచ్‌కు ముందు 11 పేర్లతో సరిపెట్టుకుని, కోరిక తీరనప్పుడు 108 దోషాలు లెక్కపెడతారు.

ఇంత వాదంలోనూ ఎవరూ అడగని ప్రశ్న, అతడికి అప్పగించిన పని ఏమిటన్నది. అడగకపోవడం పాత అలవాటే: 2019 ఏప్రిల్‌లో ప్రపంచకప్ జట్టును ప్రకటించినప్పుడు, నాటి చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్, అంబటి రాయుడిని కాదని విజయ్ శంకర్‌ను ఎంచుకోవడానికి కారణంగా అతనిలో మూడు కోణాలున్నాయని, అనగా బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ ఉన్నాయని సెలవివ్వగా, ప్రపంచకప్ చూసేందుకు త్రీడీ కళ్లద్దాలు తెప్పించుకున్నానని రాయుడు చురక వేశాడు. పాకిస్తాన్‌పై, గాయపడిన భువనేశ్వర్ మధ్యలో వదిలిన ఓవర్‌ను పూర్తిచేయడానికి వచ్చి, ప్రపంచకప్‌లో తన తొలి బంతికే వికెట్ తీసి విజయ్ శంకర్ ఒక కోణాన్ని నిరూపించాడు. మూడు మ్యాచ్‌లకే కాలి బొటనవేలి గాయంతో మిగతా కోణాలు స్వదేశానికి చేరాయి. జట్టుకు కావలసిందేమో నాలుగో స్థానంలో నిలబడే ఒక్క బ్యాటర్.

ఈ శాస్త్రం 2025 అక్టోబర్‌లో ఢిల్లీలో పరాకాష్ఠకు చేరింది. వెస్టిండీస్‌ను ఫాలోఆన్ ఆడించి, అనగా వెనుకబడిన జట్టును వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దింపి, భారత బౌలర్లు రెండు ఇన్నింగ్స్‌లో కలిపి 200 పైచిలుకు ఓవర్లు వేయగా, పేస్ ఆల్‌రౌండర్‌గా జట్టులో ఉన్న నితీశ్‌కు వాటిలో ఒక్కటైనా దక్కలేదు. బ్యాటింగ్‌లో మాత్రం అయిదో స్థానంలో పంపగా 43 పరుగులు చేశాడు. స్పిన్నర్ల పిచ్ మీద పేస్‌తో పనిలేదన్నది నిజమే, మ్యాచ్ గెలిచిందీ నిజమే. అయితే మెల్‌బోర్న్‌లో ఎనిమిది, ఎడ్జ్‌బాస్టన్‌లో ఆరు, ఢిల్లీలో అయిదు స్థానాల్లో దిగి, ఒక చోట బంతి అందుకుని మరొక చోట అందుకోని వాడిలో నిలకడను వెతకడం ఎంత సాహసమో పండితులు ఆలోచించాలి.

మొయినాబాద్ అంచున ఉన్న గండిపేటను, అనగా ఆ జంట జలాశయాల్లో ఒకటైన ఉస్మాన్‌సాగర్‌ను చూసినా ఈ సంగతి బోధపడుతుంది. 1908 మూసీ వరదల తరువాత విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి నిర్మించగా 1920లో పూర్తయిన ఈ జలాశయం, వరదను ఆపాలంటే ఖాళీగా ఉండాలి, నగరానికి తాగునీరివ్వాలంటే నిండుగా ఉండాలి. నిండితే వరదకు పనికిరాదని, ఎండితే దాహానికి పనికిరాదని దానిని ఎవరూ జట్టు నుంచి తప్పించలేదు. ఏ కాలంలో ఏ పని చేయించాలో తేల్చి గేట్లు ఎత్తడం, దించడం ఇంజినీర్ల బాధ్యతగానే భావించారు.

అందుచేత ఆల్‌రౌండర్‌కు ఉన్న రెండు సగటులకు తోడు, అతడిని ఎంపిక చేసేవారికీ ఆడించేవారికీ కలిపి మూడో సగటును ప్రవేశపెట్టడం శాస్త్రానికి మేలు: ఆల్‌రౌండర్‌గా తీసుకున్న ఒక్కో టెస్టులో అతడి చేత వేయించిన ఓవర్లెన్ని అన్నదే ఆ లెక్క. ఆ లెక్కన ఢిల్లీలో డకౌటైనవారి పేర్లు స్కోరుకార్డులో కనిపించవు గనుక, తదుపరి సిరీస్‌లోనూ వారి స్థానాలకు ఢోకా లేదు.