పనిలేని ‘ఈ’కీ ఒక రూలు

అమెరికాలో పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులు పెళ్లిసంబంధాలు వెతికినంత శ్రద్ధగా స్పెల్లింగ్ ప్రోగ్రాములు పోల్చి చూస్తారు. ఒకదాంట్లో అక్షరాల బిళ్లలు, ఇంకోదాంట్లో ఆటకార్డులు. కూపీ లాగితే చాలావరకు ధ్వనికి అక్షరం జతచేసి నేర్పే ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి సంతానమే. 1957లో ఆ బాటలోనే రొమాల్డా స్పాల్డింగ్ 70 ఫోనోగ్రాములు (ధ్వనిని సూచించే అక్షరాలు, అక్షరాల గుంపులు) ఇస్తే, తర్వాత వచ్చిన లాజిక్ ఆఫ్ ఇంగ్లిష్ ప్రోగ్రాం వాళ్లు వాటిని 75కు పెంచి, రూల్స్ కూడా జోడించి, ఇంగ్లిష్ మాటల్లో 98 శాతానికి లెక్క కుదిరిందన్నారు. ఎలా కుదిరిందంటారా? ఓ-యూ-జీ-హెచ్ గుంపుకు స్పాల్డింగ్ పద్ధతిలో ఆరు ఉచ్చారణలు: దో, త్రూ, రఫ్, కాఫ్, థాట్, బౌ. ఆరు తీర్లుగా పలికినా అది నియమమేనట! ఆ పద్ధతిలోనే మాట చివర పలకని ‘ఈ’ ఐదు రకాలు. మొదటి నాలుగింటికీ తలా ఒక పని ఉంది. ఐదోదాని పేరు ‘నో జాబ్ ఈ’. పనిలేకపోవడాన్నీ రూలు కింద జమకట్టేస్తే 98 ఏం ఖర్మ, నూటికి నూరూ వస్తాయి.

రూల్స్ పట్టుకుంటే స్పెల్లింగ్ ఎంతవరకు వస్తుందో చూద్దామని 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పాల్ హన్నా బృందం 17 వేల పైచిలుకు మాటలకు రెండు వందలకు పైగా రూల్స్ రాసి కంప్యూటర్‌కు ఎక్కించింది. ఆకలి, నిద్ర, తమ్ముడి గోల ఏవీ లేని ఆ యంత్రం సరిగ్గా రాసినవి దాదాపు సగమే. తప్పిన వాటిలో చాలావరకు ఒక్క ధ్వని దగ్గరే తప్పాయి కదా అంటారు రూల్స్ అభిమానులు. నిజమే, కానీ డిక్టేషన్‌లో ఒక్క అక్షరం పోయినా మాట పోయినట్టే. అసలు చిక్కు దిశలో ఉంది. చదివేటప్పుడు కళ్లెదుట అక్షరాలుంటాయి, రెండు మూడు ఉచ్చారణల్లో ఒకటి ఎంచుకుంటే చాలు. రాసేటప్పుడు చేతిలో ఉన్నది ధ్వని ఒక్కటే. మాంసమైనా, కలుసుకోవడమైనా వినబడేది ‘మీట్’. ఏ అక్షరాలతో రాయాలో చెవికేం తెలుసు?

అయితే మళ్లీ బట్టీయమేనా అని దబాయిస్తారు. అక్కర్లేదు. ఇలా ధ్వనులకు అక్షరాలు జతచేసి నేర్పే ఫోనిక్స్ కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి పిల్లల స్పెల్లింగ్‌కు బాగా పనికొస్తుందనీ, ఆపై తరగతుల్లో స్పెల్లింగ్‌కు ఒరిగేది నామమాత్రమనీ 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ తేల్చింది. చిన్నపిల్లలకు కొనండి, తప్పులేదు. తర్వాత కావలసింది మాటల చుట్టరికం: ‘సైన్’లో నోరు మెదపని ‘జీ’ ‘సిగ్నేచర్’లో పలుకుతుంది. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2024లో బృహత్ సోమ వంటి తెలుగింటి పిల్లలు గెలిచిన స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ చూడండి. వేదికపై పిల్లలు ఆ మాట అర్థమేమిటి, ఏ భాష నుంచి వచ్చింది అని అడుగుతారు. చెవి ఒక్కటే చాలితే ఆ ప్రశ్నలెందుకు? కాబట్టి రెండో తరగతి దాటిన పిల్లకు ఇంకో ప్రోగ్రాం కొనబోతున్న అమ్మానాన్నలూ, ముందు మాటల పుట్టుక చెప్పే మంచి డిక్షనరీ ఒకటి కొనండి.