నరం దొరకలేదు, బిల్లు దొరికింది

మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో దొరకనిదంటూ లేదు. పాలరాతి లాబీ, కాఫీ షాపు, మోకాలి చిప్ప మార్చే రోబో, అన్నీ ఉన్నాయి. రోగి నరం ఒక్కటే దొరకదు.

దొరక్కపోతే తప్పెవరిది? రోగిదే. "మీ నరాలు మరీ సన్నగా ఉన్నాయండీ, నీళ్లు సరిగ్గా తాగరా?" అంటారు సిస్టర్. తాగిన నీళ్లు వాంతులై పోతున్నాయనే కదా ఆయన ఇక్కడ చేరింది! నీళ్లెక్కాలంటే సూది దిగాలి, సూది దిగాలంటే ఒంట్లో నీళ్లుండాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లికాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదన్న సామెత ఏ వార్డులోనో పుట్టి ఉంటుంది.

క్యాజువాల్టీ హడావుడిలో మోచేతి మడతలో ఆకుపచ్చ కాన్యులా దించుతారు. అది 18 గేజ్. రక్తం గబగబా ఎక్కించాలంటే అది కావలసిందే. పూటకో యాంటీబయాటిక్‌కు మాత్రం గులాబీరంగు 20, నీలం 22 చాలు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది, నరానికి ఊపిరాడుతుంది. మడతలో కాక ముంజేతిలో పెడితే ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. ఇవన్నీ నర్సింగ్ పాఠాలే. కానీ వార్డులో రంగు నిర్ణయించేది పాఠం కాదు, స్టోర్స్. "పింక్ అయిపోయింది సార్, ఇండెంట్ పెట్టాం." ఈలోగా రోగి ముద్ద నోట్లో పెట్టుకుందామని చెయ్యి మడిస్తే పంపు కుయ్యోమంటుంది. అర్ధరాత్రికి చెయ్యి వాస్తుంది. మళ్లీ వేట మొదలు.

కాన్యులాల్లో మూడో వంతు నుంచి సగందాకా వైద్యం ముగియకముందే చెడిపోతున్నాయని పరిశోధకులు ఏనాడో లెక్క తేల్చారు. 2015లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ నిపుణులు దీనికో మార్గదర్శిని రాసి, 'మ్యాజిక్' అని పేరుపెట్టారు. అందులో మంత్రం ఒక్కటే: సూది గుచ్చేముందు "ఎన్నిరోజులు?" అని అడగడం. అయిదు రోజుల్లోపయితే మామూలు కాన్యులా. రెండు వారాలదాకా సాగేట్టుంటే పైచేతి నరంలోకి వెళ్లే పొడవాటి మిడ్‌లైన్. మనవాళ్లు కూడా "ఎన్నిరోజులు?" అని అడక్కపోరు. అడిగేది అడ్మిషన్ కౌంటర్లో, అడ్వాన్సు కట్టించుకోవడానికి.

ఒక్కొక్కరు రెండుసార్లకు మించి గుచ్చకూడదని అమెరికా ఇన్ఫ్యూజన్ నర్సుల సంఘం నియమం. మన దగ్గర దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు. చిన్న సిస్టర్ రెండు, ఇన్‌ఛార్జి సిస్టర్ రెండు, డ్యూటీ డాక్టరు రెండు. ఆఖర్న మత్తుడాక్టరుగారు వచ్చి ఒక్క దెబ్బకు పెట్టేసి పోతారు. ఆయన్నే ముందు పిలవొచ్చుగా అంటే, అంత పెద్దాయన్ని ఇంత చిన్నపనికా అంటారు.

నరాన్ని అల్ట్రాసౌండ్ తెరమీద చూస్తూ సూది పెట్టే పద్ధతీ ఉంది. అయితే 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం స్కానింగ్ మిషన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి కాబట్టి, అది రేడియాలజీ గది దాటి రాదట. ఆడపిల్లను కాపాడే చట్టం, ఉండాల్సిందే. వార్డు కోసం ఇంకో మిషన్ కొని రిజిస్టర్ చేయించుకోవద్దని మాత్రం ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు.

అసలు గుట్టు కొనుగోళ్ల విభాగంలో ఉంది. మిడ్‌లైన్ ఖరీదు, కాన్యులా చవక. అరడజను చవకవి పాడైతే? అవి రోగి ఖాతాలోకి పోతాయి. గుచ్చిన ప్రతి గొట్టమూ, అతికించిన ప్రతి ప్లాస్టరూ బిల్లెక్కుతుంది. ఎక్కనిది కమిలిపోయిన చెయ్యి ఒక్కటే.

అందుకే శిక్షణలూ, సదస్సులూ వద్దు. గురితప్పిన సూది ఖర్చు ఆసుపత్రిదేనని ఒక్క జీవో చాలు. తెల్లారేసరికి ఉభయ రాష్ట్రాల్లో ప్రజల నరాలన్నీ దొరికిపోతాయి.