గాంధారాన్ని తిన్నగా నిలబెడతారా?

మా రోజుల్లో కచేరీలోకి కొత్త వాయిద్యం వస్తే ముందు దాని పొగరు అణిచి, మన రాగానికి లొంగదీసేవాళ్లు. ఇప్పుడు వాయిద్యానికి సరిపోయేట్టు రాగాన్నే కత్తిరిస్తున్నారు. ఫ్యూజన్ పేరుతో వస్తున్న పాటల్లో నా ఒళ్లు మండేది అక్కడే.

కలపడం తప్పని నేనెప్పుడూ అనలేదు. అసలు వయొలిన్ మనదా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల పద్ధతిలో నేర్చుకుని, మన సంగీతంలోకి తెచ్చిన వాయిద్యం అది. కానీ మనవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు వాయించారా? నిలబడి గడ్డం కింద నొక్కిపట్టే దాన్ని, చాప మీద కూర్చుని పాదం మీద ఆనించుకున్నారు. ఎడమ చేతికి మోసే పని తప్పితేనే వేళ్లు తీగ మీద జారతాయి. తీగల్ని షడ్జమ పంచమాలకు శ్రుతి చేసుకున్నారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతికొచ్చేసరికి అది పరదేశపు వాయిద్యమన్న మాటే ఎవరికీ గుర్తు లేదు.

ఇక మా గోదావరి పిల్లాడి సంగతి చెప్పాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్, తన తండ్రి మాండలిన్ తీసి వాయించడం మొదలెట్టాడు. మాండలిన్‌కి జంట తీగలు, పొట్టి మెడ. మీటిన నాదం మీటినట్టే ఆరిపోతుంది. ఇక స్వరాన్ని ఊపే గమకం ఎక్కడ పలుకుతుంది? గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన నోటితో పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. గొంతులో ఉన్నది చేతిలోకి రావాల్సిందే, వాయిద్యం కుదరదంటే కుదిరేదాకా వాయిద్యాన్నే మార్చాల్సిందే. అందుకే ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేశాడు, ఐదో తీగ చేర్చాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. అక్కడ కూర్చున్న జర్మన్లకు నచ్చాలని ఆ పిల్లాడు రాగాన్ని పలచన చెయ్యలేదు.

అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్లూ అలాగే వచ్చారు. జాన్ మెక్‌లాఫ్లిన్ అప్పటికే జాజ్ గిటార్‌లో మహా పేరున్నవాడు. అయినా అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ గారి ముందు కూర్చుని వీణ నేర్చుకున్నాడు. ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, ఘటం వినాయక్‌రామ్‌లతో 1970ల్లో ‘శక్తి’ కట్టినప్పుడు తన గిటార్‌కి మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించుకున్నాడు. వేలు దిగితే తీగ లొంగాలి, స్వరం ఊగాలి. శ్రుతి కోసం అడ్డంగా మరో ఏడు తీగలు బిగించుకున్నాడు. తర్వాత మా శ్రీనివాస్ కూడా ‘రిమెంబర్ శక్తి’లో అతని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ తమ వాయిద్యాల్ని విప్పి మళ్లీ కట్టుకున్నవాళ్లే!

మరి ఇప్పుడో? ఈమధ్య హైదరాబాదులో ఒక రికార్డింగుకి వెళ్లాను. మా శిష్యురాలు తోడిలో ఒక పల్లవి పాడింది. చాలా బాగా పాడింది. తోడి గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు. రిషభం అంచు నుంచి మధ్యమం దాకా ఊగుతుంది, ఆ ఊపే తోడి. కంప్యూటర్ తెర మీద ఆ గాంధారం పాములా మెలికలు తిరిగిన గీతగా కనపడింది. రికార్డింగు చేస్తున్న కుర్రాడు మౌస్‌తో ఆ మెలికను పట్టి ఒక్క లాగు లాగాడు. గీత తిన్నగా సాగింది. “ఇప్పుడు పిచ్‌లో ఉంది మాస్టారూ” అన్నాడు. అంతకుముందు కింద ఉన్న కీబోర్డు కార్డ్‌తో కొట్టుకుంటోందట. వింటే తోడి లేదు. ఆ స్వరస్థానాలు ఉన్నాయి, అంతే. ఆ ఊపు గొంతులో కుదరడానికి ఆ పిల్లకి ఏళ్లు పట్టింది!

ఇలా స్వరాన్ని సరిచేసే ఆటోట్యూన్ 1997లో వచ్చింది. అపస్వరం పాడినవాడికి అది ఆసరా కావచ్చు. కానీ దానికి గమకానికీ అపస్వరానికీ తేడా చెప్పాల్సింది స్వరకర్తే గదా? ఆ తేడా చెవికి తెలియని మనిషి రెండు సంగీతాల్ని కలుపుతానంటే ఎలా ఒప్పుకోను?

సరిగ్గా కలపడమంటే ఎలాగో చూడండి. 1986లో ఇళయరాజా గారు ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్ చేసి త్యాగరాజస్వామికీ బాఖ్‌కీ అంకితమిచ్చారు. మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం పద్ధతిగా నేర్చుకున్న మనిషి ఆయన. అందులో వి.ఎస్. నరసింహన్ గారి వయొలిన్ వినండి. కింద హార్మనీ నడుస్తూనే ఉంటుంది, పైన గమకం పలుకుతూనే ఉంటుంది. ఒకదాని కోసం ఇంకొకదాని గొంతు నొక్కలేదు.

ఈ తరంలో అలాంటివాళ్లే లేరని కాదు. గిటార్ ప్రసన్న ఉన్నాడు. కీర్తనా వాయిస్తాడు, బర్క్లీలో జాజూ చదువుకున్నాడు. నా పోరంతా ఒక్క పూటలో లూపు పేర్చి, దాని మీద కీర్తన అతికించేవాళ్లతోనే.

ఆ కుర్రాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. తోడి కింద కార్డ్ కావాలా? పెట్టుకోండి. అందులోంచి గాంధారం తీసెయ్యండి, షడ్జమ పంచమాలు చాలు. పైన పాడే పిల్ల గాంధారాన్ని తాకకండి.